తాతయ్యను అంతమంది ఎలా ఎరుగుదురంటే

అమ్మలూ,

తాతయ్య పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది మనకు చుట్టాలు కారు. "వీళ్లంతా ఎవరమ్మా?" అని ఫోన్‌లో అడిగావు. అప్పుడు మాట పెగల్లేదు, అందుకే రాస్తున్నాను. కొందరు పోస్ట్‌మ్యాన్‌గా ఆయన రోజూ ఉత్తరాలు పంచిన బీట్‌లోని ఇళ్లవాళ్లు, మిగతావాళ్లు ఆయన దగ్గర వాలీబాల్ నేర్చుకున్నవాళ్లు.

పొద్దున్నే సార్టింగ్‌లో కూర్చుని, తను నడిచే వరసలోనే ఉత్తరాలు పేర్చుకునేవారు. అడ్రసు సరిగా లేనివి పక్కన పెట్టుకునేవారు. వాటిని తిప్పి పంపాలంటే ఆయనకు మనసొప్పేది కాదు. పేరు పట్టుకుని వీధిలో నలుగురినీ అడిగి చేర్చేవారు. ఎవరింటికి కోర్టు నోటీసు వచ్చిందో, ఎవరి కొడుకు డబ్బు పంపడం మానేశాడో ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఇంట్లో మాత్రం ఒక్క ముక్క అనేవారు కాదు. అమ్మమ్మ గుచ్చి గుచ్చి అడిగినా అంతే. మనియార్డర్ కోసం గుమ్మంలో కూర్చున్న ముసలావిడ కనిపిస్తే, ఇవ్వడానికి ఏమీ లేకపోయినా ఆగి, "ఇవాళ రాలేదమ్మా" అని చెప్పే ముందుకు కదిలేవారు.

సాయంత్రమైతే గ్రౌండే. గుర్తులు పెట్టిన వెదురు కర్రతో నెట్ ఎత్తు కొలిచేవారు. మగపిల్లలకు 2.43 మీటర్లు, మాకు 2.24. ఆడపిల్లలమని ఇంకో అంగుళం దించమంటే ఒప్పుకునేవారు కాదు. ఆ మాట అప్పుడు కోపం తెప్పించేది గానీ, నన్ను ఆటగత్తెగా చూసింది ముందు ఆయనే.

ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చినది చెప్తాను. బ్లాక్ చేసేటప్పుడు, అంటే అవతలివాళ్లు కొట్టిన బంతిని నెట్ దగ్గర ఎగిరి ఆపేటప్పుడు, బంతి మన వేలికి తగిలి బయట పడితే పాయింటు అవతలివాళ్లది. కొస తగిలితే రిఫరీకి కనపడదు. తాతయ్య వెంటనే చెయ్యెత్తి "టచ్" అనేవారు. మ్యాచ్ పాయింటు దగ్గర కూడా! టీమ్‌లో వాళ్లు తిట్టుకున్నా పట్టించుకునేవారు కాదు. ఉత్తరాల విషయంలో నోరు విప్పని మనిషి, ఇక్కడ అడక్కముందే చెప్పేసేవారు. నాకు రెండూ ఒకటే గుణం అనిపిస్తుంది.

1990ల చివర్లో రూల్సు మారి, సర్వీసు ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టుకు 25 అయ్యాయి. పాతవాళ్లు సణిగారు. ఈయనకు మాత్రం లిబెరో, అంటే వెనక వరసలో బంతిని కాపాడటానికే ఉండే ఆటగాడి స్థానం, వచ్చిందని సంబరం, పొట్టివాళ్లకు ఇన్నాళ్లకు చోటు దొరికిందని.

రిటైరయ్యాక ఆయన బీట్ అంతా నువ్వే. నిన్ను గ్రౌండుకు దింపడం, ఆట అయ్యేదాకా నిలబడటం, నువ్వు హాస్టల్‌కి వెళ్లాక ఉత్తరాలు. అవి పారెయ్యలేదు కదా? సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురా, అమ్మమ్మ చదివించుకుంటానంటోంది. ఈసారి నీ మ్యాచ్ ఎప్పుడో ముందే చెప్పు, నేనూ నాన్నా వస్తాం.

మీ అమ్మ