అది లక్క కాదు, సొన

సంపాదకులకు నమస్కారం.

సింగపూర్ నేషనల్ గ్యాలరీలోని వియత్నాం చిత్రాల గురించి మీ ఆదివారం సంచికలో వ్యాసం వేసినందుకు సంతోషం. అయితే వాటిని మొదటి నుంచి చివరి దాకా ‘లక్క చిత్రాలు’ అనే రాశారు. ఆ మాట చదవగానే మనకు ఏటికొప్పాక బొమ్మలే గుర్తొస్తాయి. ఆ పని వేరు, ఈ పని వేరు.

లక్క పురుగు ఇచ్చేది. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. స్పిరిట్‌లోనూ కరుగుతుంది. వియత్నాం చిత్రాలకు వాడేది ఫూ థో ప్రాంతంలో చెట్టు బెరడుకు గాట్లు పెట్టి పట్టే సొన. ఒకసారి గట్టిపడిందా, వేడికీ స్పిరిట్‌కీ కరగదు. ఆ చెట్టు మన మామిడి, నల్లజీడి కుటుంబంలోదే. మామిడి సొన తగిలి మూతి పొక్కినట్టే ఆ పచ్చి సొనకు పనివాళ్ల చేతులు పొక్కుతాయి. వియత్నాం వాళ్లు ఈ కళను ‘సోన్ మాయ్’ అంటారు. సోన్ అంటే ఆ సొన, మాయ్ అంటే అరగదీయడం. మన మాటతో పలుకు కలవడం కాకతాళీయమే అయినా, ‘సొన చిత్రం’ అంటే తెలుగులో చక్కగా ఇమిడిపోతుంది.

ఈ సొన ఎండకు ఆరేది కాదు. గాలిలో తేమ 70–80 శాతం ఉంటేనే అందులోని ఎంజైము పనిచేసి పూత గట్టిపడుతుంది. అందుకే చిత్రం వేసే చెక్క పలకను తడి నిలిచే పెట్టెలోనో గదిలోనో ఉంచుతారు. తొందరపడి మందంగా పూస్తే పైన పొర కట్టి ముడతలు పడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. సొనది సహజంగా గోధుమరంగు కాబట్టి తెల్లపొడి ఎంత కలిపినా తెలుపు రాదు. ఆ తెలుపు బాతుగుడ్డు పెంకుది. లోపలి పొర ఒలిచి, పచ్చి పూత మీద పరిచి నొక్కితే సన్నగా పగులుతుంది. ఆ సందుల్లో మళ్లీ సొన నింపుతారు. వెండిరేకు మీద పలచగా సొన పూస్తే బంగారు ఛాయ వస్తుంది. పది పన్నెండు పూతలయ్యాక నీళ్లు పోస్తూ వాటర్‌పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో అరగదీస్తేనే అడుగున దాగిన రంగులు తేలతాయి. చెయ్యి కాస్త ఎక్కువ పడితే రేకు లేచిపోతుంది, మళ్లీ పూతల నుంచి మొదలుపెట్టాలి.

పేరు దగ్గర ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఏ పదార్థమో తెలియకపోతే దాన్ని కాపాడే పద్ధతీ తెలియదు. సింగపూర్‌లో ఉన్న ‘లే ఫే’ చిత్రాన్ని వేసిన వియత్నాం చిత్రకారుడు న్గుయెన్ గియా ట్రిదే మరో పెద్ద సొన చిత్రం హోచిమిన్ నగరంలో ఉంది. అది వియత్నాం జాతీయ సంపదగా ప్రకటించినది. దాన్ని గిన్నెలు తోమే సబ్బుతో, గరుకు కాగితంతో శుభ్రం చేసి పాడుచేసిన సంగతి 2019లో బయటపడింది. అరగదీసి చేసిన బొమ్మే కదా, ఇంకాస్త రుద్దితే ఏమవుతుందనుకుంటే రేకుల మీది పలచని పొరలే ముందు పోతాయి. పరాయి దేశాలకు పంపినప్పుడు హీటర్లు నడిచే గదుల పొడి గాలికి చెక్క కుంచించుకుని పూత పగులుతుంది. అతినీలలోహిత కాంతికి మెరుపు చచ్చిపోతుంది.

మీరు వేసిన ఫొటోలో ఫ్లాష్ వెలుగు తెల్లమచ్చలా పడి పెంకు పగుళ్లు కనిపించలేదు. ఈసారి ఫ్లాష్ లేకుండా, పక్క వెలుతురులో తీసిన దగ్గరి ఫొటో ఒకటి వేయండి. కింద ‘చెక్క మీద సొన, బాతుగుడ్డు పెంకు, వెండిరేకు’ అని రాయించండి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం