మంత్రి గారూ, ఎర్రమట్టి దిబ్బలు ఇంకా రాయి కాలేదు

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను విశాఖ దగ్గర భీమిలి వైపు ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు సైన్స్ చెప్పి రిటైరయ్యానండి. ప్రతి ఏడూ పిల్లల్ని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లేదాన్ని. రాయి ఎలా అరుగుతుంది, మట్టి ఎలా కొట్టుకుపోతుంది, అదే మళ్లీ పొరలు పొరలుగా ఎలా పేరుకుంటుంది అన్న పాఠం బోర్డు మీద వారం రోజులు చెప్పినా ఎక్కేది కాదు, అక్కడ ఒక్క పూటలో ఎక్కేసేది.

2014లో జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) వాళ్లు ఈ దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025 సెప్టెంబర్లో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల టెంటేటివ్ లిస్టులో (తాత్కాలిక జాబితాలో) కూడా చేరాయి. చాలా సంతోషం. కానీ ఇక్కడ "డెవలప్‌మెంట్" అన్న మాట వింటేనే నాకు గుండె దడ. వ్యూ పాయింట్లు, సిమెంటు మెట్లు, లైట్లు, కార్ పార్కింగ్. ఎందుకు భయమో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ ఇసకకి పుట్టిల్లు మన తూర్పు కనుమలే. సింహాచలం, కైలాసగిరి కొండల్లో ఉండేది ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ అది మెల్లగా కుళ్లిపోతుంది, అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమన్ను అయిపోతుంది, గట్టిదైన క్వార్ట్జ్ అనే ఖనిజం ఇసకగా మిగులుతుంది, దాంతో పాటే ఇనుమున్న గార్నెట్, ఇల్మెనైట్ ఖనిజాల గింజలు. గెడ్డలు, నదులు వాటిని సముద్రంలో కలిపితే అలలు తెచ్చి ఒడ్డున పోస్తాయి. ఇంచుమించు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందకి దిగిపోయింది, అప్పుడు బయటపడ్డ ఇసకంతా గాలికి లేచి ఇక్కడ దిబ్బలు కట్టింది. తర్వాత వాన నీళ్లు ఇంకి ఇనుమున్న గింజలు పాడైపోయి, ప్రతి ఇసక రేణువుకీ సన్నగా తుప్పు పూత పట్టింది. ఆ ఎరుపు అదేనండి, మన ఇంటి గేటుకి పట్టేలాంటి తుప్పే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ తుప్పు పూత, కాస్త బంకమన్ను, ఈ రెండే ఆ దిబ్బల్ని నిలబెడుతున్నాయి. గోరుతో గీకితే రాలిపోతుంది. తిరుమలలో శిలాతోరణం చూశారు కదా, అది కూడా ఒకప్పుడు సముద్రపు ఒడ్డు ఇసకే, కానీ మీద పొరల బరువుకి నలిగి, సందుల్లో సిలికా దిగి అతుక్కుని, 150 కోట్ల ఏళ్లలో అంత గట్టి రాయి అయింది. మన ఇళ్లల్లో పరుచుకునే బేతంచెర్ల బండలు కూడా అంతే, ఒకప్పటి సముద్రం అడుగు సున్నపు బురద. మన దిబ్బలు ఆ దారిలో మొదటి అడుగు దగ్గరే ఉన్నాయి. రాయిని చూసుకున్నట్టు వీటిని చూసుకుంటే ఉండవు.

అక్కడి లోతైన గండ్లు చెక్కింది వాన నీళ్లే. ఏ వాలు మీద పడ్డ నీరు ఏ గండిలోకి పోతుందో దానికి ఒక లెక్క ఉంది. పైన ఒక రోడ్డు వేసినా, చదును చేసినా, నీరు ఇంకడం మానేసి ఒక్కచోట చేరి జోరుగా దిగి రెండు మూడు వర్షాలకే పక్క గోడని కోసేస్తుంది. సిమెంటు వేసి ఆపుదామంటే ఆ సిమెంటు అంచునే తవ్వుతుంది. 2024 జూలైలో దిబ్బల పక్కన మెషిన్లతో ఎర్రమట్టి చదును చేసిన ఫోటోలు వచ్చినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. పోయిన దిబ్బని మళ్లీ పోయలేం, ఆ సముద్రం మళ్లీ అంత కిందకి దిగాలి, ఆ గాలి మళ్లీ వీచాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. హద్దుని పైకి కనిపించే ఎర్ర గోడల దగ్గరే ఆపకుండా వాటిలోకి నీరు దించే పై వాలుల్ని కూడా కలిపి సర్వే చేయించి రాళ్లు పాతించండి. ఆ హద్దు లోపలికి జేసీబీ గానీ లారీ గానీ రాకూడదు. పైనున్న జీడి, సరుగుడు చెట్లు కొట్టొద్దు, వాటి వేర్లే అక్కడ మట్టిని పట్టుకున్నాయి. జనం నడవడానికి ఒకటే దారి గండి అడుగున చూపించి, అంచుల మీదకెక్కి సెల్ఫీలు దిగకుండా ఇద్దరు ముగ్గురు ఊరి కుర్రాళ్లని గైడ్లుగా పెట్టండి. సినిమా షూటింగ్ పర్మిషన్లు కూడా ఈ కండిషన్ల మీదే ఇవ్వండి. రెస్టారెంటూ, పార్కింగూ ఆ హద్దుకి దూరంగా ఎక్కడైనా కట్టుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఏదైనా ప్లాన్ మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి గట్టి వాన కురిసిన మర్నాడు రండి సార్. ఎర్రటి నీళ్లు గెడ్డలోంచి సముద్రంలో ఎలా కలుస్తాయో చూపిస్తాను, మా పాత స్టూడెంట్లు కూడా వస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, భీమిలి