పక్క రాష్ట్రంలో చేసుకొస్తే పెళ్లే, మా దగ్గర మాత్రం చేయం!

సంపాదకుడు గారికి,

2025 నవంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు వార్త వచ్చినప్పుడు, స్వలింగ వివాహాలకు అక్కడ ఇక ఢోకా లేదన్నట్టు మీ పేపర్లో రాశారు. అది చదివి హైదరాబాద్ నుంచి మా అక్క పొద్దున్నే ఫోన్ చేసింది, "విన్నావురా, ఇంక వాడికి భయం లేదట" అని. వాడంటే మా మేనల్లుడు. టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాడు, 2021లో అక్కడే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో పెళ్లి లైసెన్స్ తీసుకుని ఇంకో అబ్బాయిని పెళ్లి చేసుకున్నాడు. అక్క సంతోషం చూసి నేనేమీ అనలేకపోయాను. మీతో అనొచ్చు కదా.

కోర్టు ఆ రోజు చేసింది ఒక్కటే, ఒక అప్పీలు వినననడం. కెంటకీలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్క్, 2015లో తన మతం ఒప్పుకోదంటూ లైసెన్సులు ఇవ్వకుండా ఐదు రోజులు జైల్లో కూర్చుందే, ఆవిడ. ఇద్దరు మగవాళ్లకు లక్ష డాలర్ల నష్టపరిహారం కట్టమన్న తీర్పు తప్పించుకోవాలని వెళ్లి, పనిలో పనిగా స్వలింగ వివాహాన్ని హక్కు చేసిన 2015 నాటి ఒబర్‌గెఫెల్ తీర్పునే కొట్టేయమంది. వినం పొమ్మన్నారు. కేసు వినకపోవడం వేరు, పాత తీర్పు మీద మళ్లీ ముద్ర వేయడం వేరు. ఆ తీర్పు వచ్చింది 5-4తో, అప్పుడు ఔనన్న ఐదుగురిలో ఈ వార్త నాటికి బెంచి మీద మిగిలింది ఇద్దరే, కాదన్న నలుగురిలో ముగ్గురు ఇంకా ఉన్నారు. వాళ్లలో థామస్ గారైతే 2022లో గర్భస్రావం హక్కు పోయిన రోజునే, దీన్ని కూడా మళ్లీ చూడాలని విడిగా రాసిపెట్టాడు.

ఆ భయంతోనే అదే ఏడాది డిసెంబర్‌లో బైడెన్ సంతకంతో రెస్పెక్ట్ ఫర్ మ్యారేజ్ యాక్ట్ వచ్చింది. మీ రిపోర్టర్ గారు దాన్ని అన్ని రాష్ట్రాల్లో పెళ్లి చేసుకునే హక్కు అని రాశారు. కాదండీ! ఏ రాష్ట్రాన్నీ అది లైసెన్స్ ఇవ్వమనదు. వేరే రాష్ట్రంలో చెల్లేలా చేసుకొచ్చిన పెళ్లిని కాదనొద్దంటుంది, కేంద్ర ప్రభుత్వాన్ని గుర్తించమంటుంది, అంతే. మా రోజుల్లో ఇంట్లో ఒప్పుకోకపోతే అన్నవరంలోనో ఆర్యసమాజంలోనో తాళి కట్టి వచ్చేవాళ్లు, పెద్దవాళ్లు మొహం ముడుచుకునే గుమ్మంలోకి రానిచ్చేవాళ్లు, దాదాపు ఆ బాపతు.

టెక్సాస్ తన రాజ్యాంగంలో 2005లో రాసుకున్న నిషేధం ఇప్పటికీ అలాగే ఉంది, ఒబర్‌గెఫెల్ తీర్పు వల్ల నోరు మూసుకుని ఉందంతే. తీర్పు పోతే ఆ నిషేధం లేచి కూర్చుంటుంది. అప్పుడు డాలస్ జంట పెళ్లి కోసం పక్క రాష్ట్రం న్యూ మెక్సికో దాకా వెళ్లాలి, హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లినంత దూరం.

అసలు ఆ తీర్పుకు పేరొచ్చిన ఒబర్‌గెఫెల్ గారి కథే ఇది. 2013లో ఆయన జతగాడు ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడిపోయే జబ్బుతో మంచాన పడ్డాడు, సొంత రాష్ట్రం ఒహైయోలో పెళ్లి చేయరు, అందుకని మెడికల్ విమానంలో మేరీల్యాండ్ తీసుకెళ్లి, రన్‌వే పక్కన విమానంలోనే పెళ్లి చేసుకుని అటు నుంచి అటే వెనక్కి వచ్చారు. మూడు నెలలకు ఆ మనిషి పోయాడు. డెత్ సర్టిఫికెట్‌లో భర్తగా తన పేరు ఉండాలన్నదే ఈయన పోరాటం. కొత్త చట్టం పేరు రాయిస్తుంది సరే, ఆ విమానం ప్రయాణం మాత్రం తప్పించదు.

ఇంకో మెలిక ఉంది. ఆ కొత్త చట్టంలో రాష్ట్రాలను కట్టడి చేసే వాక్యం "ఇతర రాష్ట్రంలో" జరిగిన పెళ్లి గురించి. మావాడిది టెక్సాస్ పెళ్లే! ట్యాక్సుకీ వీసాకీ చిక్కు ఉండదు, కేంద్రం పెళ్లి జరిగిన రోజు చట్టమే చూస్తుంది. (ఆ పెళ్లి పత్రం చూపించే రెండో అబ్బాయికి హెచ్4, అంటే ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే వీసా, ఇచ్చారు.) కానీ తను ఇచ్చిన పత్రాన్నే టెక్సాస్ రేపు ఏం చేస్తుందన్నది లాయర్లు కొట్టుకునే విషయం. పిల్లలు పుడితే బర్త్ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ వేయాలన్న 2017 ఆర్కాన్సా తీర్పు కూడా ఒబర్‌గెఫెల్ మీదే నిలబడి ఉంది, అందుకే చాలామంది పెళ్లయినా సరే కోర్టుకెళ్లి దత్తత కాగితాలు కూడా చేయించుకుంటున్నారు.

శంషాబాద్‌లో దిగితే మాత్రం వీళ్లు ఇద్దరు ఫ్రెండ్స్. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు పెళ్లి హక్కు లేదనేసింది. మన దగ్గర అసలు లేనిదాని గురించి అమెరికాని అంటావేం అని మీరు అడగొచ్చు. నా గొడవ అమెరికాతో కాదు, మీ హెడ్డింగ్‌తో. మేనల్లుడి భర్తని ఇప్పటికీ "ఆ అబ్బాయి" అనే మా అక్క, మీరు రాసింది నమ్మి ఆ రాత్రి హాయిగా పడుకుంది.

దయచేసి సరిచేసి వేయండి. ఆ కటింగ్ అక్కకు వాట్సాప్‌లో పంపిస్తాను, నా నోటితో చెప్పే బాధ తప్పుతుంది.

ఇట్లు
మీ పాఠకుడు, గుంటూరు