మా సదస్సు అనుబంధ కార్యక్రమాలు, మీ సంస్థ మౌనం: ఒక ఫిర్యాదు

విజయవాడ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: నర్సుల రాష్ట్ర సదస్సు అనుబంధ కార్యక్రమాల నిర్వహణలో జరిగిన లోపాలు, వాటిపై మేము ఇచ్చిన ఫిర్యాదులను మీ సిబ్బంది పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవాన్ని పురస్కరించుకుని విజయవాడలో జరిగిన మా సంఘం రాష్ట్ర సదస్సుకు అనుబంధ కార్యక్రమాల కన్వీనర్‌గా పనిచేసిన నేను ఈ లేఖ రాస్తున్నాను. ప్రధాన వేదికను మా సంఘమే చూసుకుంది. ముందు రోజు సీపీఆర్ (గుండె ఆగినవారిని ఛాతీ నొక్కి కాపాడే పద్ధతి) శిక్షణ, రెండు రోజులూ పోస్టర్ల ప్రదర్శన, నర్సింగ్ విద్యార్థుల క్విజ్, పదవీ విరమణ చేసిన నర్సుల సన్మానం, చివరి సాయంత్రం దీపాలతో ప్రతిజ్ఞ, వీటన్నిటి ఏర్పాట్లను రాతపూర్వక ఒప్పందంతో మీ సంస్థకు అప్పగించి, మీరు అడిగిన అడ్వాన్సు రూ. 1,80,000 ఒక్క విడతలోనే చెల్లించాము.

ఏమేం జరగలేదో క్లుప్తంగా చెబుతాను. శిక్షణకు రాసిచ్చిన పెద్ద హాలును హోటల్ వారు ఒక పెళ్లి రిసెప్షన్‌కు ఇచ్చేసి, మాకు భోజనశాల పక్కన బల్లలతో కిక్కిరిసిన గదిని చూపించారు. పోస్టర్ల బోర్డులు మొదటి రోజు మధ్యాహ్న భోజనాల వేళకు గానీ రాలేదు. క్విజ్‌కు మైకు లేదు. ప్రతిజ్ఞ సమయంలో హాలులో లైట్లు ఆర్పే మనిషి కూడా లేకపోవడంతో, పిల్లలు చేతుల్లో దీపాలు పట్టుకుని ట్యూబులైట్ల వెలుగులోనే ప్రతిజ్ఞ చదివారు. మిగిలిన కొలతలు, లెక్కలు అన్నీ ఒప్పంద పత్రంలోనే ఉన్నాయి కనుక ఇక్కడ ఏకరువు పెట్టను. పొరపాట్లు ఎక్కడైనా జరుగుతాయని ఆసుపత్రిలో పనిచేసే మాకు తెలుసు. ఒక మందు ఆలస్యమైతే వెంటనే పైవారికి చెప్పాలని, రికార్డులో రాయాలని, రోగి బంధువులు అడిగితే ఎదురుగా నిలబడి జవాబు చెప్పాలని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పుతారు. మీ సంస్థలో ఆ జవాబు చెప్పే మనిషి ఒక్కరు కూడా దొరకలేదు. నన్ను ఇంత బాధపెట్టింది అదే.

ఒప్పందం కుదుర్చుకోవడానికి మీ రిలేషన్‌షిప్ మేనేజర్ మా కార్యాలయానికి వచ్చి, చాలాసేపు కూర్చుని, ప్రతి కార్యక్రమం వివరం నోటుబుక్కులో రాసుకుని, "అర్ధరాత్రి అయినా సరే, నాకు ఫోన్ చేయండి మేడం" అని తన నంబరు ఇచ్చి వెళ్లారు. అడ్వాన్సు మీ ఖాతాలో జమ అయ్యాక ఆ నంబరుకు ఫోన్ చేస్తే, తాను వేరే బ్రాంచికి మారానని, కొత్తగా వచ్చినవారు మాట్లాడతారని అన్నారు. కొత్తగా వచ్చినవారి దగ్గర ఆ నోటుబుక్కు లేదు. అంతా మొదటి నుంచి చెప్పించుకుని, "హాలు సంగతి వెన్యూ టీమ్ చూస్తుంది" అన్నారు. వెన్యూ టీమ్ వారు హోటల్ బాంకెట్ విభాగంతో మాట్లాడమన్నారు. బాంకెట్ విభాగం వారిని అడిగితే, మీ సంస్థ నుంచి హాలు ఖరారు చేస్తూ తమకు ఏ మెయిలూ రాలేదని చెప్పారు. ఆ మాటే మీ కార్యాలయానికి చేరవేస్తే, "అది వాళ్ల పొరపాటు మేడం, మేము ఫాలో అప్ చేస్తున్నాం" అన్న ఒకే వాక్యాన్ని ఒక్కొక్కరు ఒక్కో గొంతుతో వినిపించారు. సదస్సు కోసమని మీవారే తెరిచిన వాట్సాప్ గ్రూపులో నా ప్రశ్నలన్నిటికీ నీలం టిక్కులు పడ్డాయి కానీ ఒక్కదానికీ జవాబు రాలేదు. సదస్సు దగ్గరపడుతుండగా ఆ గ్రూపు నుంచి మీవారు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు.

శిక్షణ రోజు ఉదయం హాలు తలుపు దగ్గర పూల తోరణాలు కడుతున్నవారిని చూసి, నేను మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. లైన్‌లో ఉండమని, సంగీతం వినిపించి, చివరికి ఫోన్ ఎత్తిన అమ్మాయి నేను చెప్పిందంతా విని, "ఇంతకీ మీది ఏ పెళ్లి మేడం?" అని అడిగింది. ఇది పెళ్లి కాదమ్మా, నర్సులకు శిక్షణ అని చెబితే, ఆ ఆప్షన్ తన స్క్రీన్ మీద లేదని, పెళ్లి అని నమోదు చేసుకోమంటారా అని అడిగింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న తెరలో మా లాంటివారికి చోటు లేకుండా చేసిన వారి మీదే నా ఫిర్యాదు.

ఆ తర్వాత ఫోన్‌లోకి వచ్చిన ఆపరేషన్స్ ఉద్యోగి, "సైడ్ ఈవెంటే కదా మేడం, చిన్న గదిలో వీడియో వేసేస్తే సరిపోతుంది కదా" అన్నారు. సీపీఆర్ అంటే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వడం. అది తెర మీద చూస్తే వచ్చే విద్య కాదు. శిక్షణ బొమ్మను నేల మీద పడుకోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సరైన లోతు అందినప్పుడు లోపల టక్కుమనే చప్పుడు చెవిన పడేదాకా నొక్కి నొక్కి చేతులకు అలవాటు చేసుకోవాలి. ఆ ఇరుకు గదిలో బల్లలను మేమే గోడకు జరిపి, ఖాళీ చేయగలిగిన కాస్త నేల మీద ఒక పూట శిక్షణ జరిపాము. రెండో పూట సెలవు ప్రకటించవలసి వచ్చింది. వచ్చినవారిలో రాత్రి డ్యూటీ చేసి, ఉదయం 8 గంటలకు హ్యాండోవర్ ఇచ్చి, నిద్ర లేకుండా నేరుగా బస్సెక్కినవారు ఉన్నారు. వార్డుల్లో మనుషులు చాలని రోజుల్లో సెలవు కోసం పై అధికారిని బతిమాలుకుని వచ్చినవారు ఉన్నారు. ప్రధాన వేదిక మీద ఉపన్యాసాలు వారు ఫోన్‌లో అయినా వినగలరు. ఇంత కష్టపడి వచ్చేది బొమ్మ మీద చేయి వేయడానికి, తమ వార్డులో చేసిన పనిని పోస్టరుగా తోటివారికి చూపించుకోవడానికి, ఎన్నేళ్ల కిందటో విడిపోయిన బ్యాచ్‌మేట్లను కలుసుకోవడానికి. మీ ఉద్యోగి అంత తేలిగ్గా తీసిపారేసిన కార్యక్రమాల కోసమే సగం మంది వచ్చారు.

సన్మానం సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ చేయి ఆడటం లేదు. ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడను మనవరాలు చేయి పట్టుకుని తీసుకువచ్చింది. మీవారు ఏర్పాటు చేస్తామన్న గదికి తాళం వేసి ఉంది, తాళం ఎవరి దగ్గరుందో చెప్పేవారు లేరు. ఆవిడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాత ఉద్యోగ గుర్తింపు కార్డును పర్సులోంచి తీసి పక్కవారికి చూపిస్తూ, పిలుపు కోసం ఎదురుచూశారు. చివరికి ఆ వరండాలోనే, భోజనాల పళ్లేల చప్పుడు మధ్య, శాలువా కప్పాము. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పర్లేదు తల్లీ, మీకు మాత్రం ఏం తెలుసు" అన్నారు. ఆ సమయంలో నేను మీ వెన్యూ ఇన్‌చార్జికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ ఫోన్ స్విచాఫ్‌లో ఉంది.

సదస్సు ముగిశాక జరిగింది ఇంకా అన్యాయం. మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఐసీయూలో పనిచేస్తాను, ఉదయం డ్యూటీలో ఫోన్ లాకరులో ఉంటుంది, మధ్యాహ్నం రెండున్నర తర్వాత మాత్రమే మాట్లాడగలను అని స్పష్టంగా రాశాను. మీవారు ఉదయం 11 గంటలకు ఫోన్ చేసి, "కస్టమర్ స్పందించలేదు" అని రాసి ఫిర్యాదును మూసేశారు. మళ్లీ తెరిపిస్తే మళ్లీ అదే వేళకు ఫోన్ చేసి మళ్లీ మూసేశారు. మూసిన ప్రతిసారీ, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజీ వచ్చింది. అకౌంట్స్ విభాగం వారు మాత్రం మిగిలిన మొత్తం ఎప్పుడు చెల్లిస్తారని అడగడానికి సరిగ్గా రెండున్నర తర్వాతే ఫోన్ చేశారు. నా వేళలు మీ సంస్థలో ఒకరికి తెలిసినప్పుడు ఇంకొకరికి ఎందుకు తెలియలేదో మీరే చెప్పాలి.

మేము మీకు కొత్తవారం కాము. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించిన 2020లో మేము తలపెట్టిన సదస్సు ఏర్పాట్లు కూడా మీకే ఇచ్చాము. కోవిడ్ వచ్చి ఆ సదస్సు రద్దయినప్పుడు, పనివాళ్లకు జీతాలు ఇవ్వలేకపోతున్నామని మీ సంస్థవారు చెబితే, అడ్వాన్సు వెనక్కి అడగకుండా మీ దగ్గరే ఉంచి, తర్వాతి కార్యక్రమానికి సర్దుకున్నాము. ఆ రోజుల్లో మేము పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ పనిచేస్తున్నా, మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నాము. తెలిసిన నర్సింగ్ కళాశాలలన్నిటికీ వార్షికోత్సవాలకు మీ పేరే చెప్పాము. ఆ నమ్మకానికి బదులుగా మాకు దక్కింది, మాది ఏ పెళ్లి అన్న ప్రశ్న.

ఇక మా కోరిక. శిక్షణకు, సన్మానానికి, పోస్టర్లకు సంబంధించి మేము చెల్లించిన మొత్తాన్ని వెనక్కి ఇవ్వాలి, మిగిలిన బిల్లును రద్దు చేయాలి. అంతకన్నా ముఖ్యంగా, శిక్షణకు వచ్చిన ప్రతి నర్సుకూ, సన్మానం అందుకున్న ప్రతి పెద్దావిడకూ మీ సంతకంతో క్షమాపణ లేఖ రావాలి. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అయిదేళ్లలో 150 గంటల నిరంతర విద్య చూపించాలి. ఒక పూటే జరిగిన శిక్షణకు రెండు పూటల గంటలు వేసి సర్టిఫికెట్ ఇవ్వడం మాకు తగదు కనుక, వారు పోగొట్టుకున్న గంటలను మీ ఖర్చుతో మరో రోజు శిక్షణ పెట్టి భర్తీ చేయించాలి. ఈ సంగతి మాట్లాడటానికి, పేరు, ఫోన్ నంబరు ఉన్న ఒక బాధ్యతగల అధికారిని నియమించి, ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి.

అలా జరగని పక్షంలో, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంపై జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము. మా సంఘం లాభాపేక్ష లేని రిజిస్టర్డ్ సొసైటీ. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది కనుక మేము హైదరాబాద్ దాకా రావలసిన పని కూడా లేదు, మీరే విజయవాడ రావలసి ఉంటుంది. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉందన్న సంగతి కూడా మాకు తెలుసు. కాలం గడిస్తే మేమే మరిచిపోతామని మీ సిబ్బంది అనుకుంటే, అది జరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే సిద్ధం చేసిన ఫిర్యాదు ప్రతిని, మూసేసిన ప్రతి ఫిర్యాదు నంబరుతో సహా, దీనికి జతచేస్తున్నాను. మీ పేరు సిఫారసు చేసిన ప్రతి కళాశాలకూ, ప్రతి సంఘానికీ ఇక్కడ రాసిందంతా మళ్లీ నేనే ఉత్తరంగా రాస్తాను.

ఇట్లు,
కన్వీనర్,
అనుబంధ కార్యక్రమాల ఉపసంఘం,
నర్సుల రాష్ట్ర సదస్సు

జతపరచినవి: ఒప్పంద పత్రం ప్రతి, అడ్వాన్సు రసీదు, వాట్సాప్ సంభాషణల ప్రతులు, హెల్ప్‌లైన్ ఫిర్యాదు ప్రతి.
ప్రతులు: సంఘం అధ్యక్షురాలికి, కోశాధికారికి.