మారేడు తీగ సీసా దాటి కొండకు చేరాలి: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగారికి నమస్కారములు.

ఎండాకాలంలో రాయలసీమ దాహం తీర్చే నన్నారి షర్బత్‌కు మూలమైన మారేడు గడ్డల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పేరు విని బిల్వవృక్షమనుకోవద్దని మనవి. ఇది నల్లమల, శేషాచలం కొండల్లో బండల సందున పాకే పాలతీగ, దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. సువాసనంతా వేరులోనే ఉండడం దానికి శాపమైంది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది గానీ, గడ్డలన్నీ తవ్వేస్తే తీగే పోతుంది.

టిష్యూ కల్చర్‌తో, అంటే మొక్క ముక్కను ప్రయోగశాలలో సీసాలో పెంచే పద్ధతితో, దీనిని పెంచవచ్చని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో చూపించారు. కణుపు ముక్కను శుద్ధిచేసి, మురషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ప్రకటించిన పోషక మాధ్యమంలో తగిన హార్మోన్లతో ఉంచితే పిలకలు, ఆపై వేళ్లు వస్తాయి. అసలు కష్టం ఆ తరువాతే. సీసాలోని తేమకు అలవాటుపడిన ఆకుపై మైనపు పొర సరిగా ఏర్పడదు; వేళ్లకంటిన అగార్ (మాధ్యమాన్ని గడ్డకట్టించే జిగురు) కడిగి కుండీలో నాటిన మొక్క, పొడిగాలి తగిలితే చూస్తుండగానే తల వాల్చేస్తుంది. పైన పాలిథిన్ కప్పి, రోజుకు కొంచెం కొంచెం తెరుస్తూ వారాల తరబడి సాకాలి. పరిశోధన పత్రాల్లో రెండు వాక్యాలతో ముగిసే ఈ పనికి ఓపికగల చేతులు కావాలి.

ఆ చేతులు చెంచు గూడేల్లో ఉన్నాయి. తీగ ఏ బండ నీడన బతుకుతుందో తవ్వినవారికి తెలిసినంతగా మనకు తెలియదు కనుక, మొక్కలను సాకే నర్సరీలను అక్కడి మహిళా సంఘాలకే కూలి ఇచ్చి అప్పగించండి. తల్లి మొక్కల విషయంలో మాత్రం ప్రయోగశాలలను గట్టిగా అడగాలి: ఒకే తీగ నుంచి లక్ష మొక్కలు తీస్తే, ఒకే తెగులుకు లక్షా పోవచ్చు. ఏ కొండ మొక్కలను ఆ కొండపైని అనేక తీగల నుంచే తీసి, కేంద్రం 2006లో తెచ్చిన టిష్యూ కల్చర్ ధ్రువీకరణ ప్రమాణాల మేరకు వైరస్ పరీక్ష చేయించాలి.

ఇలా సాకిన మొక్కలను నాటి పెంచిన తోట గడ్డలను గిరిజన సహకార సంస్థ అడవి గడ్డల కంటే మెరుగైన ధరకు కొనాలి. అయితే నాటిన మొక్కల లెక్క గూడెం వారీగా రాసి ఉంచకపోతే, అడవి గడ్డే తోట గడ్డ పేరుతో తూకానికి వస్తుంది.

వచ్చే తొలకరికి నల్లమలలో కనీసం ఒక్క గూడెంలోనైనా నీడ పందిరి సిద్ధమయ్యేలా ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు