ఊరేగింపు గుర్రాల కడుపు మంట ఎవరికీ పట్టదా?

ఎడిటర్ గారికి నమస్కారం. పెళ్లిళ్ల సీజన్ వస్తే మా అమలాపురం, రావులపాలెం వైపు ఊరేగింపు గుర్రాలకి పొద్దున ఇంత దాణా పడేసి, సాయంత్రం నుంచి బ్యాండు, బాణసంచా మధ్య నిలబెట్టేస్తున్నారండి, అర్ధరాత్రి దాటాక గానీ మళ్లీ గడ్డి మొహం చూడవు. గుర్రం తిన్నా తినకపోయినా దాని కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, మేస్తూ ఉంటే ఆ లాలాజలం, గడ్డి కలిసి మంట తగ్గిస్తాయి, గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి.

పుండ్లు పడ్డ గుర్రం దాణా సగంలో వదిలేస్తుంది, ఊరికే పళ్లు నూరుతుంది, జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వస్తుంది. దాన్ని పొగరనుకుని కొడుతున్నారు, అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది, నొప్పండీ అది! పుండ్లున్నాయో లేదో ఖాయంగా తేల్చేది కెమెరా గొట్టం కడుపులోకి దించి చూసే ఎండోస్కోపీయే, దానికి 3 మీటర్ల పొడుగు గొట్టం కావాలి, అన్నిచోట్లా దొరకదు. యాసిడ్ తగ్గించే మందు ఒమెప్రజోల్ బాగా పనిచేస్తుంది గానీ డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడాలి, సొంతంగా నొప్పి మందులు వేస్తే పుండ్లు ఇంకా ముదురుతాయి.

ఎండు వరిగడ్డి ఒక్కటే వేసి సరిపెట్టకండి, పచ్చగడ్డి, దొరికితే లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం కూడా వేయండి, అందులో కాల్షియం యాసిడ్‌ని విరుస్తుంది. ఉలవలు ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా పెట్టండి, ఊరేగింపుకి బయల్దేరే ముందు నాలుగు పరకలు మేయనివ్వండి, మధ్యలో బకెట్ నీళ్లు చూపించండి.

ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు కాబట్టి పశుసంవర్ధక శాఖ వాళ్లు అప్పుడు గుర్రాల వాళ్లందర్నీ పిలిచి ఓ క్యాంపు పెట్టాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

- ఒక పాఠకుడు, కోనసీమ