ఎద్దుల తోకలు మెలిపెట్టడం ఆపాలి

సంపాదకులకు,

పశువుల అంగడి ముగిసే వేళ వాహనాల దగ్గర నిలబడి చూడండి. డీసీఎం వ్యాను ఎక్కకుండా మొరాయించిన ఎద్దు తోకను పట్టుకొని మెలిపెడుతుంటారు. అయినా కదలకపోతే పళ్లతో కొరికేవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల రైతులకు ఇది అలవాటైపోయింది. అమ్రాబాద్ పొడ తూర్పు ఎడ్లకు జాతి గుర్తింపు వచ్చిందని మురిసిపోయేదీ మనమే.

తోక వెన్నెముకలో భాగమే. పశువు తోకలో 18 నుంచి 20 దాకా పూసలుంటాయి, వాటి వెంట నరాలుంటాయి. గట్టిగా మెలిపెడితే కీలు తప్పవచ్చు, పూస విరగవచ్చు. తోక మొదలు దగ్గర దెబ్బ తగిలితే అది చచ్చుబడి, పేడ వేసేటప్పుడు కూడా ఎత్తలేదు. ఇక జోరీగలను తోలుకునేదెట్లా? 2022లో పశువులకు వచ్చే లంపీ స్కిన్ వ్యాధి దేశమంతటినీ గడగడలాడించింది. దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు ముఖ్యంగా చేరవేసేవి కుట్టే ఈగలు, దోమలు, పిడుదులే. అంటే ఆ తోక కుచ్చు ఎద్దుకు అలంకారం కాదు.

నల్లమలలో దుప్పి తోక లేపి తెల్లటి అడుగు చూపిందంటే మందకు హెచ్చరిక. కొండముచ్చు దూకేటప్పుడు తూకం చూసుకునేది తోకతోనే. బల్లి తోకను వదిలేసి ప్రాణం దక్కించుకుంటుంది. దానికైతే మళ్లీ మొలుస్తుంది, లోపల ఎముకకు బదులు మెత్తటి మృదులాస్థితో. ఎద్దుకు ఆ వరం లేదు.

పళ్లు, సుడులు చూసి బేరమాడే మనం తోకలో వంకర ఉందేమో కూడా తడిమి చూడాలి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ పశువును అనవసరంగా బాధపెట్టడాన్ని నేరమంటుంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! దీనికి ఎవరు భయపడతారు? చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. ఎద్దు వాహనం ఎక్కకుండా ఆగేది మొండితనంతో కాదు. వాహనం ఎత్తు ఎక్కువ, లోపల చీకటి, కాలు పెడితే జారే ఇనుప రేకు. వాహనం ఎత్తుకు సరిపడా వాలుగా మట్టి దిబ్బ కట్టి, ట్రాలీలో వరిగడ్డి పరిస్తే చాలావరకు దానంతట అదే ఎక్కుతుంది.

తైబజారు (అంగడి రుసుము) వసూలు చేస్తున్నారు కాబట్టి ఈ మాత్రం ఏర్పాటు అడగడం రైతుల హక్కు. ఆ వసూలు హక్కు కోసం పెట్టే అంగడి వేలం నోటీసులోనే ర్యాంపును షరతుగా రాయాలి. అది కట్టని కాంట్రాక్టర్ డిపాజిట్ తిరిగి ఇవ్వకూడదు.

- ఒక రైతు, మక్తల్